ఏకగ్రీవం అంటే నాకు భయం



పోయిన నెల మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకదాంట్లో జరిగింది ముందు చెప్తాను. ఏ గ్రూపో చెప్పను, ఉన్నవాళ్లకి తెలుసు. డిగ్రీ అయిపోయి టీచర్ పోస్టుకి చదువుకుంటున్న కుర్రాడు ఒక ప్రశ్న పెట్టాడు. "అన్నా, జీవో 3ని సుప్రీంకోర్టు కొట్టేసి ఇన్నేళ్లయింది. నూటికి నూరు శాతం అని అదే మాట పట్టుకుని కూర్చుంటే కోర్టులో మళ్లీ పోతుందేమో, వేరే దారి ఏమన్నా ఆలోచించాలేమో" అన్నాడు. అంతే. పది నిమిషాల్లో పదిహేను మెసేజ్‌లు. ఒకరు "అమ్ముడుపోయావా" అన్నారు. ఇంకొకరు "నీది అసలు ఏ తెగ" అని అడిగారు. ఒకాయన వాడి ఫోటో మీద గుర్తు పెట్టి "ద్రోహి" అని రాశాడు. తర్వాత అడ్మిన్ తీసేశాడు. వాడి ప్రశ్నకి జవాబు మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

నేనూ చెప్పలేదు. భవానీపురంలో గదిలో కూర్చుని ఫోన్ చూస్తూనే ఉన్నాను. నోరెత్తితే నన్నూ తీసేస్తారనిపించింది. అందుకే ఈ వ్యాసం.

రాజకీయ సహనం గురించి రాయమని ఈ పేజీ మిత్రులు అడిగినప్పుడు మొదట నాకు ఆ మాటే నచ్చలేదు. సహనం అంటే మనకి బాగా తెలిసిన మాట. ఫారెస్టోళ్లు గుడిసె పీకితే సహనం. పట్టా కోసం పన్నెండుసార్లు తిరిగితే సహనం. "మీ వాళ్లు చాలా ఓపికస్తులండీ" అని ఆఫీసర్లు మెచ్చుకుంటుంటే విని విని విసుగొచ్చింది. దెబ్బ తినేవాడి దగ్గర సహనం ఎప్పుడూ ఉండేదే, అది ఎవరూ అడగక్కర్లేదు. ప్రజాస్వామ్యంలో సహనం ఉండాల్సింది అధికారం ఉన్నవాడి దగ్గర. మాట్లాడే మైకు, తీసేసే బటన్, పర్మిషన్ ఇచ్చే సంతకం, పనికి పిలిచే నోరు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల దగ్గర. నేను ఈ మాటని ఆ అర్థంలోనే వాడతాను. నీకు నచ్చని మాట చెప్పేవాడిని ఆ మాట చెప్పనిచ్చి, చెప్పిన తర్వాత కూడా బతకనివ్వడం.

"బతకనివ్వడం" అని ఊరికే అనలేదు. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది దివిసీమ వైపు ఊరు. యానాదులం. ఊరి చివర కాలవ గట్టు పక్కన మా కాలనీ. 2011 లెక్కల ప్రకారం రాష్ట్రంలో యానాదులం 5 లక్షలకు పైనే ఉన్నాం, కానీ ఏ ఒక్క ఊళ్లోనూ గట్టిగా కనపడం. అక్కడ నాలుగిళ్లు, ఇక్కడ పదిళ్లు. ఏజెన్సీలో మన అన్నదమ్ములకి షెడ్యూల్డ్ ఏరియా ఉంది, 1/70 ఉంది, పీసా ఉంది. మైదానంలో మాకు అవేం లేవు. రొయ్యల చెరువు ఉంది, చెరువు ఆసామి ఉన్నాడు.

2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచ్ సీటు ఎస్టీకి వచ్చింది. చాలామందికి ఇది గొప్ప మాటలా వినపడుతుంది. డెల్టాలో పుట్టినవాళ్లకి ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. రిజర్వేషన్ లిస్టు వచ్చిన రోజు సాయంత్రమే ఊరి పెద్దలు కూర్చుంటారు. ఎస్టీల్లో ఎవడు మెత్తగా ఉంటాడు, ఎవడు మన చెరువు మీద కాపలా ఉంటున్నాడు, ఎవడికి మన దగ్గర అప్పుంది, ఇదీ లెక్క. మా పెదనాన్న పేరు వచ్చింది. ఆయనకి ఆ రోజు రాత్రి కబురొచ్చింది. "ఒరేయ్, రేపు తెల్ల చొక్కా వేసుకుని రా, నామినేషన్ వెయ్యాలి."

పెదనాన్న మంచి మనిషి. కానీ మా కాలనీకి కరెంటు స్తంభాలు కావాలని, వానాకాలం శవాన్ని మోసుకెళ్లడానికి దారి కావాలని అడిగే నోరు ఆయనకి లేదు. అడిగే నోరు ఉన్నది మా పిన్నికి. పొదుపు సంఘంలో లెక్కలు రాసేది, ఎమ్మార్వో ఆఫీసుకి తనే వెళ్లేది. పిన్ని కూడా నామినేషన్ వేసింది. స్వయానా బావగారి మీద.

ఊరు ఊరంతా మీద పడింది. ఎందుకంటే ఏకగ్రీవం అయితే ఊరికి డబ్బులొస్తాయి. అప్పటి ప్రభుత్వం ఇచ్చిన లెక్క ఇది: 2,000 లోపు జనాభా ఉంటే 5 లక్షలు, 5,000 లోపు ఉంటే 10 లక్షలు, 10,000 లోపు ఉంటే 15 లక్షలు, అంతకంటే పెద్ద ఊరికి 20 లక్షలు. మా ఊరు పది లక్షల ఊరు. అంటే మా పిన్ని నామినేషన్ కాగితం ఖరీదు పది లక్షలు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి" అన్నారు. "నీవల్ల ఊరికి రోడ్డు పోతోంది" అన్నారు. ఇన్నేళ్లూ రోడ్డు వెయ్యనివాళ్లే ఆ మాట అన్నారు, అది వేరే సంగతి. ఆడదానివి అన్నారు. ఆఖరికి పెదనాన్నే మా చిన్నాన్నకి కబురు పెట్టాడు, "నీ పెళ్లాం నా పరువు తీస్తోంది" అని. పిన్ని ఒకటే మాట: "బావగారి మీద నాకేం కోపం లేదు. ఆయన్ని నిలబెట్టినోళ్ల మీదే పోటీ."

ఓడిపోయింది. కానీ మా కాలనీ మొత్తం ఓట్లు కలిపితే 70 దాటవు, ఆమెకి 212 వచ్చాయి. ఆ మిగతా ఓట్లు ఎవరివో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. పైకి ఆమెని తిట్టినవాళ్లలో కొందరు లోపలికెళ్లి ఆమెకే గుద్దారు. రహస్య బ్యాలెట్ విలువ నాకు పాఠాల్లో కంటే అక్కడ బాగా అర్థమైంది.

తర్వాత? ఎవరూ కొట్టలేదు. ఇల్లు తగలబెట్టలేదు. రెండు పట్టుబడుల సీజన్లు మా చిన్నాన్నని చెరువు పనికి పిలవలేదు, అంతే. వలలు లాగడానికి పక్క మండలం వెళ్లాడు. పెదనాన్న సర్పంచ్ అయ్యాడు, స్టాంపు ఎవరి దగ్గర ఉందో నేను చెప్పక్కర్లేదు. మీటింగుల్లో ఆయన కుర్చీ అంచున కూర్చున్న ఫోటో నా ఫోన్‌లో ఉంది. పిన్ని ఇంట్లో ఆయన ఇప్పటికీ మంచినీళ్లు ముట్టడు. పిన్ని మీద కోపం ఉంచుకున్నాడు గానీ, తనని బొమ్మలా నిలబెట్టినవాళ్ల మీద ఉంచుకోలేదు. నాకు అదే ఎక్కువ బాధ.

ఒక్క మా ఊరి కథ అయితే ఇంత రాయను. అదే ఏడాది ఏప్రిల్‌లో పరిషత్ ఎన్నికలు జరిగాయి. నోటిఫికేషన్ ఇచ్చిన 9,696 ఎంపీటీసీ స్థానాల్లో 2,371 ఏకగ్రీవం. జడ్పీటీసీల్లో 652కి 126 ఏకగ్రీవం. అంటే సుమారుగా నాలుగో వంతు ఎంపీటీసీల్లో, అయిదో వంతు జడ్పీటీసీల్లో ఎవరూ ఓటెయ్యలేదు. అన్నీ బెదిరింపులే అని నేను అనను, నిజంగా కలిసి అనుకున్న చోట్లు ఉంటాయి. కానీ ఒక జిల్లా స్థాయి సీటుకి, అన్ని పార్టీలు ఉన్న రాష్ట్రంలో, 126 చోట్ల ఎదురు నిలబడే ఒక్క మనిషి మిగల్లేదంటే అది అందరూ సంతోషంగా ఒప్పుకున్నారని నమ్మమంటే నేను నమ్మలేను. ఏకగ్రీవ ప్రోత్సాహకాలు ఆ ఒక్క ప్రభుత్వమే పెట్టింది కాదు, ముందూ ఉన్నాయి, పక్క రాష్ట్రంలోనూ ఉన్నాయి. పోటీ చేసే హక్కు రాజ్యాంగం ఇస్తే, పోటీ చెయ్యకపోతే బహుమతి ప్రభుత్వం ఇస్తుంది. ఇందులో తిరకాసు ఎవరికీ కనపడదేం?

ఇక్కడ మన వాళ్లు కొందరు అడ్డొస్తారు. "ఆదివాసీ పద్ధతే ఏకాభిప్రాయం కదా, ఓట్లూ పోటీలూ బయటివాళ్ల అలవాట్లు" అంటారు. 1946 డిసెంబర్ 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా చెప్పిన మాటని గుర్తు చేస్తారు. ఆదివాసీలకి ప్రజాస్వామ్యం మీరు నేర్పక్కర్లేదు, మా దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్న అర్థంలో ఆయన మాట్లాడాడు. నిజమే, నాకూ ఆ మాటంటే గర్వం. అయితే ఆయన మాట్లాడిన పద్ధతి ఎలాంటిదో చూడాలి. గోండుల రాయ్ సెంటర్ గానీ, ఏజెన్సీ ఊళ్లలో చెట్టుకింద కూర్చునే పెద్దల పంచాయితీ గానీ, మాట తెగేదాకా కూర్చుంటారు. పొద్దు గుంకినా లేవరు. అలిగినవాడిని మళ్లీ పిలుచుకొస్తారు. ఒప్పుకోనివాడు ఎందుకు ఒప్పుకోవట్లేదో చెప్పేదాకా తీర్పు లేదు. ఆ ఏకాభిప్రాయం చివర్లో వస్తుంది. మా ఊళ్లో ఏకగ్రీవం మొదట్లోనే వచ్చింది, నామినేషన్ రోజుకి ముందు రాత్రి, మా కాలనీ వాళ్లు ఒక్కరూ లేని అరుగు మీద. రెండిటికీ పేరు దగ్గరగా ఉందని ఒకటే అనుకోకూడదు.

అలాగని పాత పద్ధతి అంతా బంగారం అనీ చెప్పను. ఆ చెట్టుకింద ఆడవాళ్లు ఎక్కడ కూర్చునేవాళ్లు? చాలా చోట్ల వెనకాల, పిల్లల్ని ఎత్తుకుని. వాళ్ల మాట భర్త నోట్లోంచి రావాలి. 1996 పీసా చట్టం, దానికి మన రాష్ట్రం 2011లో రాసుకున్న రూల్స్, గ్రామసభని ఓటరుగా ఉన్న ప్రతి మనిషిదీ చేశాయి. కాగితం మీద అయినా పిన్ని లాంటి మనిషికి అక్కడ చోటుంది. మైదానంలో మాకు ఆ చట్టమే లేదు, అది మళ్లీ ఇంకో పోరాటం.

ఇప్పుడు సర్కారు సంగతికి వద్దాం. మనకి అలవాటైన కోపం ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని త్వరగా ముగిస్తాను, కానీ ఇంద్రవెల్లిని త్వరగా ముగించడం కుదరదు.

1981 ఏప్రిల్ 20. సోమవారం. ఇంద్రవెల్లిలో సంత రోజు. ఆదిలాబాద్ గోండులు గిరిజన రైతుకూలీ సంఘం సభకి వస్తున్నారు. అడగబోయేది భూమికి పట్టాలు, ఆక్రమణల మీద చర్య, పంటకి ధర. సభకి అనుమతి రద్దు చేశారు. అడవి ఊళ్లలోంచి కాలినడకన వచ్చేవాళ్లకి ఆ కబురు ఎలా అందుతుంది? సభకి వచ్చిందెవరు, ఉప్పు, బట్ట కొనుక్కోడానికి సంతకి వచ్చిందెవరు అని కూడా చూడలేదు. కాల్పులు జరిగాయి. సర్కారు లెక్క 13 మంది. జనం లెక్క దానికి ఎన్నో రెట్లు. కట్టిన స్తూపాన్ని కూల్చేశారు, మళ్లీ కట్టుకున్నాం. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే చాలు, 144 సెక్షన్. చచ్చిపోయినవాళ్లకి పూలు పెట్టడానికి పోలీసుల్ని అడగాలి. రాష్ట్రం విడిపోయింది, పార్టీలు మారాయి, ఆంక్షలు మాత్రం చాలాకాలం అలాగే కొనసాగాయి. 2024 ఫిబ్రవరి 2న తెలంగాణ ముఖ్యమంత్రి స్వయంగా వెళ్లి ఆ స్తూపానికి నివాళి అర్పించాడు. నలభై మూడేళ్లకి. మంచిదే. కానీ ఒక సభ జరగనిచ్చి ఉంటే ఆ స్తూపం అవసరమే ఉండేది కాదు.

మా విజయవాడ సంగతి. రాజధాని ఇటు వచ్చాక రాష్ట్రంలో ఎవరికి బాధ వచ్చినా "చలో విజయవాడ" అంటారు. పాడేరు నుంచి, సీతంపేట నుంచి, చింతూరు నుంచి బస్సెక్కి మన వాళ్లు వస్తారు. అలంకార్ సెంటర్ దగ్గర ధర్నా చౌక్‌లో టెంటు. భవానీపురంలో నేనుండే గదికి ఎంతమంది వచ్చి స్నానాలు చేసి వెళ్లారో లెక్కలేదు, ఇంటి ఓనరు గొణుగుతూనే ఉంటాడు. సగం మంది అసలు ఇక్కడిదాకా రారు. టోల్‌గేట్ దగ్గర దింపేస్తారు, ముందు రోజే నాయకుడి ఇంటి ముందు కానిస్టేబుల్ కూర్చుంటాడు. 2022 ఫిబ్రవరి 3న ఉద్యోగులు పీఆర్సీ కోసం వచ్చినప్పుడూ అదే జరిగింది, అయినా బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. ఉద్యోగులు కాబట్టి రాగలిగారు. రోజు కూలి పోగొట్టుకుని రెండోసారి బస్సెక్కే స్తోమత మనకి ఉండదు.

2023 జనవరి 2న జీవో 1 వచ్చింది. దానికి ముందు కందుకూరులో 8 మంది, గుంటూరులో 3 మంది తొక్కిసలాటల్లో చనిపోయారు. ఆ చావులు నిజం, జనాన్ని ఇరుకు సందుల్లో కుక్కడం తప్పు. కానీ మందు ఏం రాశారు? 1861 నాటి పోలీసు చట్టం పట్టుకుని, రోడ్ల మీద సభలకి మామూలుగా అనుమతి ఉండదు అన్నారు. జాతీయ రహదారి నుంచి పంచాయతీ రోడ్డు దాకా. 1861 అంటే సిపాయిల తిరుగుబాటు మొదలైన నాలుగేళ్లకి ఇంగ్లీషువాళ్లు రాసుకున్న చట్టం. పెద్ద పార్టీకి మైదానం అద్దెకి తీసుకునే డబ్బుంది. రోడ్డు తప్ప ఇంకేం లేనివాడి సంగతి? మే 12న హైకోర్టు ఆ జీవోని కొట్టేసింది. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశం కావడం 19వ అధికరణం ఇచ్చిన హక్కు. దాన్ని క్రమబద్ధం చెయ్యొచ్చు, లేకుండా చెయ్యకూడదు. సుప్రీంకోర్టు 1972లోనే అహ్మదాబాద్ కేసులో ఈ సంగతి తేల్చింది. ఆ రోజు జీవో 1ని తిట్టినవాళ్లు ఇప్పుడు అధికారంలో ఉన్నారు, ఆ రోజు సమర్థించినవాళ్లు ఇప్పుడు హక్కుల గురించి మాట్లాడుతున్నారు. ఇద్దరినీ ఒకే కొలతతో కొలవాలి. మన టెంటుకి పర్మిషన్ ఇచ్చారా, లేదా? అదొక్కటే కొలత.

ఇంకో మాట కూడా ఉంది. అందరికీ జరిగేదే మనకీ జరుగుతుంది అనుకుంటే పొరపాటు. మన వాళ్లు నలుగురు కూడితే వేరే చూపు ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1911 నుంచి నేరస్థ జాతుల చట్టం ఉంది. ఎరుకల వాళ్లు పుట్టడమే నేరం, పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా వచ్చినవే. 1952లో ఆ చట్టం పోయింది. చూపు పోయిందా? రాత్రిపూట భవానీపురం నుంచి గొల్లపూడి వైపు నడిచే మన కుర్రాళ్లని అడగండి.

ఇదంతా మనకి ఇష్టమైన భాగం. ఇప్పుడు కష్టమైన భాగం.

విజయవాడ వాళ్లకి 1988 డిసెంబర్ 26 అంటే వివరించక్కర్లేదు. ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా తనకి పోలీసు రక్షణ కావాలని రోడ్డు పక్కన నిరాహార దీక్షలో కూర్చున్నాడు. దీక్షా శిబిరంలోనే చంపేశారు. ఆ తర్వాత ఊరు తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు, కోస్తాలో అల్లర్లలో నలభై మందికి పైగా పోయారు. ఆయన రాజకీయాలు మనకి నచ్చాయా లేదా అన్నది పక్కన పెట్టండి. ఈ ఊళ్లో కక్షల చరిత్రలో రెండు వైపులా రక్తం ఉంది. కానీ దీక్ష టెంటు అంటే ఏంటి? కత్తి పక్కన పెట్టి కడుపు మాడ్చుకుని అడుగుతున్నాను అని చెప్పడం. ఆ టెంటులోకి కత్తి తీసుకెళ్లినప్పుడు పోయింది ఒక మనిషి ప్రాణమే కాదు, రేపు టెంటు వేసుకునే ప్రతివాడి ధైర్యం కూడా.

అది నాన్-ట్రైబల్స్ గొడవ అంటారా? సరే, మన ఇంట్లో చూద్దాం. 2018 సెప్టెంబర్ 23, డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు. అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ. మావోయిస్టులు కార్లు ఆపి, కిందకి దించి కాల్చేశారు. ఇద్దరూ ఎస్టీ సీటులో మన ఓటుతో గెలిచినవాళ్లు. కిడారి ఒక పార్టీ గుర్తు మీద గెలిచి ఇంకో పార్టీలోకి వెళ్లాడు, నాకూ కోపం వచ్చింది. గూడ క్వారీ విషయంలో ఆ ఊళ్ల జనం ఎంతోకాలంగా మొత్తుకుంటున్నారు, ఆ బాధ న్యాయమైనదే. కానీ ఆయన్ని ఓడించే హక్కు అరకు ఓటరుది. ఏడాది తిరక్కుండానే ఎన్నికలు వచ్చాయి, ఆ తీర్పు ఓటరు చెప్పేవాడు. తుపాకీ ఆ అవకాశాన్ని ఆదివాసీ చేతిలోంచి లాక్కుంది. అదే రోజు కోపంతో జనం డుంబ్రిగుడ, అరకు పోలీస్ స్టేషన్లు తగలబెట్టారు. ఆ తర్వాత మన్యంలో ప్రతి కుర్రాడినీ ఏ చూపుతో చూశారో మీకు తెలుసు. పోలీసు బూటు గురించి రాసినప్పుడు లైకులు కొట్టే మిత్రులు ఈ పేరా దగ్గర ఆగిపోతారని నాకు తెలుసు. రాజ్యం చేసే హింస పెద్దది, దానికీ దీనికీ సమానం కట్టడం లేదు. అయినా ఎదుటివాడి నోరు మూయించడానికి చంపొచ్చు అన్న సూత్రం ఒప్పుకున్నాక, ఇంద్రవెల్లి గురించి మాట్లాడటానికి మన దగ్గర మాట ఏం మిగులుతుంది?

మనం బాగా చేసినవీ ఉన్నాయి. 2015 నవంబర్‌లో జీవో 97 వచ్చింది, చింతపల్లి వైపు 1,212 హెక్టార్ల అడవి బాక్సైట్‌కి ఇవ్వడానికి. అప్పుడు మన్యంలో కమ్యూనిస్టులు, కాంగ్రెస్‌వాళ్లు, వైసీపీ వాళ్లు, ఏ పార్టీకీ చెందని సంఘాలు, అందరూ ఒకే మాట మీద నిలబడ్డారు. అధికార పార్టీలో ఉన్న గిరిజన నాయకులు కూడా ఊళ్లోకి వెళ్లలేక ఇబ్బంది పడ్డారు. ఆ గుంపులో ఒకరంటే ఒకరికి పడనివాళ్లే ఎక్కువ. పడకపోయినా ఒకరి జెండా ఇంకొకరు పీకలేదు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది, 2019లో జీవో రద్దయింది. ఆ రోజు ఎవరైనా "ముందు నీ జెండా తీసెయ్, అప్పుడే నువ్వు ఆదివాసీవి" అని ఉంటే ఆ కొండలు ఈపాటికి లారీల్లో ఉండేవి.

ఇప్పుడు మన గ్రూపుల భాష చూడండి. 2023 మార్చి 24న బోయ, వాల్మీకుల్ని ఎస్టీలో చేర్చాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. నేను దాన్ని వ్యతిరేకిస్తాను. ఎందుకో పది కారణాలు చెప్పగలను, చెప్పాను కూడా. కానీ ఆ వారం మన పేజీల్లో రాయలసీమ బోయ కూలీ మీద వచ్చిన బూతులు నేను మర్చిపోలేను. తీర్మానం చేసింది ఆ కూలీ కాదు. వేరుశనగ చేలో ఎండకి మాడే మనిషిని తిడితే మన రిజర్వేషన్ మిగలదు. తెలంగాణలో 2017 చివర్లో ఆదివాసీలకీ లంబాడీలకీ మధ్య పెరిగిన గొడవలో బడిలో పనిచేసే టీచర్లు కూడా ఎవరు ఏ పక్కో చూసుకోవాల్సి వచ్చింది. లంబాడీలకి ఎస్టీ హోదా ఉండాలా అన్నది చర్చ, కోర్టు దాకా వెళ్లిన చర్చ, అది జరగాలి. పక్క తండా పిల్లాడితో మాట్లాడకూడదు అన్నది చర్చ కాదు. మైదానం యానాదిని నేను ఏజెన్సీ గ్రూపులో ఏదన్నా అంటే "మీకేం తెలుసు, మీరు ఊళ్లలో కలిసిపోయారు" అంటారు. కలిసిపోయామా! ఒకసారి మా కాలవ గట్టుకి రండి.

ఒకటి మాత్రం తేడాగా చెప్పాలి, లేకపోతే నా మాటని వాడుకునేవాళ్లు వాడుకుంటారు. 1/70 ఉల్లంఘించి ఏజెన్సీలో భూమి పట్టినవాడి ఆక్రమణ "భిన్నాభిప్రాయం" కాదు. కులం పేరుతో, తెగ పేరుతో తిట్టడం అభిప్రాయం కాదు, దానికి అట్రాసిటీ చట్టం ఉంది. వాటిని సహించమని నేను అనను. 1/70 రద్దు చెయ్యాలి అని ఒకడు పత్రికలో వ్యాసం రాస్తే? అది అభిప్రాయమే. ఒళ్లు మండుతుంది, అయినా అభిప్రాయమే. దానికి జవాబు ఇంకో వ్యాసం. అలాంటి వాదాలన్నీ కోర్టులో పెట్టిన తర్వాతే, వాటికి జవాబు చెప్పిన తర్వాతే, 1988లో సుప్రీంకోర్టు ఆ రెగ్యులేషన్ చెల్లుతుందని తేల్చింది.

సమత తీర్పు గురించి మన పిల్లలందరికీ తెలుసు. 1997 జులై 11. షెడ్యూల్డ్ ఏరియాలో సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకి మైనింగ్ లీజుకి ఇవ్వకూడదు అని. మన గోడల మీద రాసుకున్న తీర్పు. దాని గురించి చాలామందికి తెలియని సంగతి: ముగ్గురు జడ్జిల్లో ఇద్దరే మన వైపు. మూడో ఆయన, జస్టిస్ పట్నాయక్, ఒప్పుకోలేదు. ఒప్పుకోనని ఎందుకో రాశాడు. ఆయన రాసింది కూడా అదే తీర్పులో, అదే పుస్తకంలో అచ్చయింది. ఎవరూ చింపెయ్యలేదు, ఆయన్ని బెంచి నుంచి తీసెయ్యలేదు. దాన్ని చదివిన మన లాయర్లు అవతలివాళ్లు రేపు ఏ వాదన తెస్తారో ముందే తెలుసుకున్నారు.

జీవో 3 దగ్గర మనకి జరిగింది దీనికి వ్యతిరేకం. 2000 జనవరి 10న వచ్చిన ఆ జీవో షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులు మొత్తం స్థానిక గిరిజనులకే ఇచ్చింది. ఇరవై ఏళ్లు కేసు నడిచింది. 2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌లో అందరం ఇళ్లలో ఉండగా, అయిదుగురు జడ్జిల బెంచి కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగం ఒప్పుకోదు అంది, అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లని మాత్రం కాపాడింది. ఆ ఇరవై ఏళ్లలో "కోర్టులో ఈ నూరు శాతం నిలబడుతుందా, నిలబడకపోతే రెండో దారేంటి" అని అడిగినవాళ్లు మనలోనే ఉండి ఉంటారు. వాళ్లని మనం వినలేదు. ఇప్పుడు అదే ప్రశ్న ఒక కుర్రాడు మళ్లీ అడిగాడు. వాడికి డీఎస్సీ ఉంది, వయసు అయిపోతోంది, ఇంట్లో చెల్లి పెళ్లికి ఉంది. ఈ ప్రశ్న వాడికి ఆట కాదు.

వాడు చెప్పింది తప్పే అయ్యుండొచ్చు. నేను కూడా నూరు శాతం కోసమే నిలబడతాను, అయిదో షెడ్యూల్ గవర్నర్‌కి ఇచ్చిన అధికారంతో రెగ్యులేషన్ తేవాలన్న డిమాండ్ సరైనదని నా నమ్మకం. అదే వాడికి చెప్పాలి. ఎందుకు కుదురుతుందో, తీర్పులో ఏ అభ్యంతరానికి మన దగ్గర ఏ జవాబు ఉందో కూర్చోబెట్టి చెప్పాలి. జవాబు లేని చోట లేదని ఒప్పుకోవాలి.

నంబర్ వెతికి ఫోన్ చేశాను. మొదట ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, "మీరు కూడా తిట్టడానికేనా అన్నా" అన్నాడు. కాదురా అన్నాను. ఆ ఆదివారం భవానీపురం వచ్చాడు, కరకట్ట మీద టీ తాగుతూ రెండు గంటలు వాదించుకున్నాం. తీర్పు ప్రింటు తీసి, పెన్సిల్‌తో గీతలు గీసి తెచ్చుకున్నాడు. మా గ్రూపులో ద్రోహి అని రాసిన ఎవరూ ఆ తీర్పు చదివి ఉండరు. రెండు చోట్ల నన్ను ఇరికించాడు. ఒక చోట నేను వాడిని ఒప్పించాను అనుకుంటున్నాను.

వాడిని మళ్లీ చేర్చమని అడ్మిన్‌లకి రాశాను. మా పిన్నిని కూడా ఆ గ్రూపులో చేర్చమని అడిగాను, ఆమెకి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. పిన్నిని చేర్చారు. వాడి విషయం "కమిటీలో మాట్లాడి చెప్తాం" అన్నారు. ఇది రాసే రోజుకి మూడు వారాలైంది, కమిటీ ఇంకా కూర్చోలేదు.